అమ్మ వచ్చినాది

సోమందేపల్లె,
బుధవారం.

చెల్లి హేమావతికి అక్క చౌడేశ్వరి దీవెనలు. అందరం బాగుండామని మొదట రాయడం మన అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఈ ఉత్తరం దేవుని ముందర పెట్టి, అందరినీ కాపాడమని అడుగుతాండా. ఫోన్‌లో నాకు నోరు పెగలదు. అందుకే కాగితం మీద రాసి, కోడలు సువర్ణతో ఫోటో తీయించి కువైట్‌కు పంపిస్తాండా. కూర్చుని చదువు.

నిన్న పొద్దున ఎప్పటి మాదిరే లేచినా. బోరు నీళ్లు పట్టి, దీపం పెట్టి, సంగటికి ఎసరు పెట్టినా. కొడుకు కిరణ్ పనికి పోయినాడు. మనవడు చైతన్యకు నీళ్లు పోస్తా సువర్ణ, "అత్తా, ఒకసారి రా" అనింది. వాని కడుపు మీద, వీపు మీద నీటిబొబ్బలు. ఆటలమ్మ. చేతులెత్తి దండం పెట్టినా. గుమ్మానికి వేపాకు కట్టాల అనుకునే లోపల ఫోన్ మోగినాది.

పదిన్నరకు నీ కూతురు ప్రసూన పుట్టపర్తి నుంచి బస్సు దిగి వచ్చేసినాది. మూడో నెల కడుపు. చైతన్య పరుగెత్తి ఆమె నడుము కరుచుకున్నాడు. నేను అరిచే సరికే వాని ముఖం ఆమె కడుపుకు ఆనుకొని ఉండాది.

రాత్రి ఫోన్‌లో నువ్వు రెండు అడిగినావు. టీకా వేస్తే సరిపోదా అని ఒకటి. నిన్న మధ్యాహ్నం ప్రసూనను ఆస్పత్రికి తీసుకుపోతే, నీ అల్లుడు జయచంద్ర కూడా అక్కడ అదే పట్టు పట్టినాడు. "ఇప్పుడే వేసేయండి మేడం, సంతకం కావాలంటే పెడతా" అన్నాడు.

"సంతకంతో అయ్యేది కాదప్పా" అనింది డాక్టరమ్మ. "ఆ టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. కడుపుతో ఉన్నప్పుడు వెయ్యం. పెళ్లికి ముందే వేయించి ఉంటే బాగుండేది. ముందు అనంతపురంలో రక్తపరీక్ష చేయించండి. చిన్నప్పుడు వచ్చిపోయి ఉంటే భయం లేదు. లేకపోతే వేరే సూది ఉంది. పది దినాల లోపల పడాల."

"బిడ్డకు ఏమైనా అవుతుందా?" అని ప్రసూన అడిగినాది.

"అరుదుగా అవుతుంది. అందుకే ముందే చూస్తాం."

ఆ 'అరుదుగా' అనే మాట దగ్గర, మనసులో చేస్తాండే నా జపం ఆగిపోయింది.

చిన్నప్పుడు ప్రసూనకు అమ్మ పోసినాదా హేమా? వీపంతా వెతికినాం, ఒక్క మచ్చ కనపడలేదు. నీకేమైనా గుర్తుంటే వెంటనే చెప్పు.

ఇంక నీ రెండో ప్రశ్న. కడుపుతో ఉండే పిల్లను ఆ ఇంటికి ఎవరు పొమ్మన్నారని అడిగినావు. తనే చుట్టపుచూపుగా వచ్చిందని చెప్పినా. అది నిజం కాదు.

నిన్న పొద్దున మోగిన ఫోన్ ప్రసూనదే. నేనే, "ఇంటికి అమ్మ వచ్చినాదే" అన్నా. జబ్బు పేరు పలకకూడదు కదా.

"నిజంగానా పెద్దమ్మా? చెప్పకుండా వచ్చినాదా?"

"ఆమె చెప్పి వస్తుందా?"

"ఎన్ని దినాలుంటాది?"

"తొమ్మిది దినాలు."

"ఉత్త తొమ్మిది దినాలేనా" అని పెట్టేసినాది. నాకు అర్థం కాలేదు. వాకిట్లోనుంచే "అమ్మా" అని పిలుస్తా లోపలికి వచ్చినాక అర్థమైంది. చేతిలో నీకిష్టమని ఉగ్గాని, బజ్జీల పొట్లం. వంటింట్లోకి కూడా తొంగి చూసినాది, నువ్వు దాక్కున్నావేమో అని.

ఇంకొకటి. చైతన్యను బడిలో వేసేటప్పుడు ఈ టీకా వేయిద్దామని సువర్ణ అడిగినాది. అమ్మకు ఎదురుపోవద్దని నేనే ఆపినా.

నిన్న సాయంత్రం అందరం కూర్చుని ఏం చేయాల్నో తేల్చుకున్నాం. పొద్దున్నే జయచంద్ర ప్రసూనను అనంతపురం తీసుకుపోయి రక్తం ఇప్పించాల. కిరణ్‌కు చిన్నప్పుడే పోసినాది. సువర్ణకు పోయలేదు, కడుపు లేదని డాక్టరమ్మ అడిగి తెలుసుకున్నాది కాబట్టి ఈ పొద్దే టీకా, నెల దాటినాక రెండోది. అంతవరకూ బిడ్డ మాట తలపెట్టకూడదు. ప్రసూన ఈ ఇంటి గడప తొక్కకూడదు.

చివర, జబ్బు పేరు రాసి వాకిట్లో పలక పెట్టాలన్నాడు కిరణ్. అమ్మ ఉన్న ఇంటి ముందర అట్లా రాస్తారా అని సువర్ణ నా వైపు చూసినాది. చైతన్య పలక తెప్పించి నేనే రాసినా: "ఈ ఇంట్లో చికెన్‌పాక్స్ ఉండాది. కడుపుతో ఉండేవాళ్లు రావద్దు." వేపాకు పక్కనే తగిలించి దండం పెట్టుకున్నా. పేరు పలికినందుకు కోపం వస్తే నా మీదికే రమ్మన్నా.

ఇట్లు,
నీ కూతురికి నోటిమాట సరిగా చెప్పలేకపోయిన
మీ పెద్దక్క