మనోడికిచ్చిన బండి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈశ్వరి ఫోను, బద్వేలు నుంచి. పాప మెడ బాగా నిలబెడతాందంట. ఇరవై మూడో తారీఖు మంచిది, ఆ పొద్దు పంపిస్తామని మామ చెప్పినాడంట. అయిదో నెలలో పంపడం వాళ్ల ఇంటి పద్ధతి.

"పాపను కూర్చోబెట్టి తోసే బండి చూసినావా?"

చూస్తాండా అన్నా. అబద్ధం. ఇంకా చూడలేదు.

అమ్మకు చెప్తే నవ్వు. "తోపుడుబండినా? నా మనవరాలిని టమేటాలని అమ్మేకి పోతారా?" పక్కింటి ఓబుళమ్మ కూడా నవ్వింది. "సంకనెత్తుకునే దానికి బండెందుకురా మద్దీ, నేను లేనా ఎత్తుకునేకి?"

అదే కదా. నువ్వు ఎత్తుకుంటావు, ఈశ్వరి నీ ఎనక నడుస్తాది. చిన్నప్పుడు ట్రాక్టరు మీద నుంచి పడిన మోచెయ్యి ఆమెది. కట్టు కట్టినోడు వంకరగా కట్టినాడు. ఎడమ చెయ్యి ఇప్పటికీ మడత పడదు. వంట చేస్తాది, బట్టలు ఉతుకుతాది, బిడ్డను ఎత్తుకోని వాకిలి దాటాలంటే మాత్రం గోడ పట్టుకుంటాది.

"నా బిడ్డను నేనే తిప్పుకోవాల. ఎవురినీ అడుక్కోకుండా." పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే.

ఫిబ్రవరి 5

బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను ఆగింది. ఆ సందులో శీనుగాడికి ఫోను కొట్టినా. వాడు పనిచేసేది పిల్లల సామాన్ల అంగట్లోనే, ఇంగ నాకు యాడికో పోవాల్సిన పనేముంది. ఒకే సందులో పెరిగినాం. నేను ఏడుతో బడి మానేస్తే వాడు పదిదాకా పోయినాడు. వాని పుస్తకాలు తెచ్చుకోనే నేను చదువు నేర్చుకున్నా.

"నేనుండా కదప్పా. శుక్రవారం రా. మిగిలింది నాకొదిలెయ్."

ఫిబ్రవరి 7, శుక్రవారం

మాకు సెలవు శుక్రవారమే. సగం మంది నమాజుకు పోతారని ఓనరు అట్లా పెట్టినాడు.

అంగడి లోపల ఏసీ. గాజు తలుపు తోస్తానే ఒకాయన — "కొనేదా, చూసిపోయేదా?" కొనేదే అన్నా. నా చేతుల వంక చూసినాడు. రాతిపొడి గీతల్లోకి దిగింటాది, ఎంత రుద్దినా పోదు. "బట్ట ముట్టుకోవద్దు, మరకలు పడతాయి." శీను రాకపోయింటే ఆయప్పతో ఆన్నే తగులుకుంటి.

మూడు బండ్లు చూసినా. మూడు చక్రాలది గిర్రున తిరుగుతాది, మా సందులో గుంతలకు బోర్లా పడతాది. పెద్ద చక్రాలది గట్టిది, మడిచేకి రెండు చేతులు కావాల. నా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోని కుడిచేత్తోనే అన్నిటినీ మడిచి చూసినా, తెరిచి చూసినా. కౌంటరు దగ్గర పాప నవ్వింది — "ఏమన్నా, చెయ్యి నొప్పా?" నొప్పి కాదు లేమ్మా అన్నా.

నీలం రంగుది. బొటనవేలితో నొక్కితే మడుచుకుంటాది. కాలితో ఒక్క తొక్కు తొక్కితే చక్రం బిగుసుకుంటాది. శీను దాన్ని ఊపి చూపించినాడు. "అహోబిలం కొండెక్కించి వదిలినా కదలదప్పా."

ఇదే.

"చూపించేకి పెట్టిన పీసు ఇయ్యరు. లోపల్నుంచి పెట్టె తెస్తా ఉండు." శానాసేపు రాలేదు. ఆ లోపల ఒక మేడమ్, ఎనకాల సర్కారు జీపు డ్రైవరు, ఆమెకూ నీలం బండే. ఆమెకు కుర్చీ వేసినారు, కూల్‌డ్రింకు ఇచ్చినారు. నేను నిలబడ్డా. పర్వాలేదు. మనకు శీను ఉండాడు.

పెట్టె భుజాన పెట్టుకోని నడిచే వచ్చినా. ఆటో ఎక్కబుద్ధి కాలేదు. అందరూ చూడాలని.

ఫిబ్రవరి 8

పొద్దున్నే బిగించినా. కాగితం అంతా ఇంగ్లీషు — బొమ్మలు చూసి, ఫోన్లో అర్థాలు చూసి.

బొటనవేలితో మడుచుకోదు. ఒక చేత్తో పైన పట్టి, ఇంకో చేత్తో కింద లాగాల. రెండు చేతులు.

సరే, కొత్తది కదా బిగుతుగా ఉంటాది అనుకున్నా. సందులోకి తీసుకుపోయి బ్రేకు తొక్కినా. మా సందు కాలవ దిక్కుకు వాలు. చెయ్యి తీస్తానే బండి పోయింది. మెల్లగా, ఎవరో పిలిచినట్ల. ఓబుళమ్మ అరుగు తగిలి నిలబడింది.

మళ్లీ తొక్కినా. మళ్లీ పోయింది.

సీటు బట్ట ఊడదీసి చూస్తే మూలన నల్లదారం. పూస గుచ్చిన దిష్టిదారం, పసిబిడ్డ కాలిది. తెగి ఇరుక్కోని ఉండాది.

ఎవరి బిడ్డది.

అమ్మ చూడకముందే జేబులో వేసుకున్నా.

ఫిబ్రవరి 10, సోమవారం

డ్యూటీకి ముందే బండి ఎత్తుకోని అంగడికి పోయినా. షట్టరు అప్పుడే లేపినారు. సావుకారి పటాలకు ఊదుబత్తి తిప్పుతాండాడు. శీను గడప దగ్గర నీళ్లు చల్లుతా నన్ను చూసి పరిగెత్తుకోని వచ్చినాడు.

"అప్పా, లోపలికి తేవద్దు. బోణీ కాలేదు. బోణీకే వాపసు తెస్తే ఆయప్ప పొద్దంతా మమ్మల్ని తిడతాడు."

నిజమే, ఎవరైనా అంతే. మెట్ల మీద కూర్చున్నా, ఎవరో ఒకరు వచ్చి కొంటే చాలని. పాలసీసా కొన్నా చాలు. రోడ్డు మీద పోయే ప్రతి ఆడమనిషి మొగం చూస్తాండా — రామ్మా, లోపలికి పోమ్మా. ఎవురూ రాలేదు. ఫ్యాక్టరీకి టైమైంది.

శీను చెవిలో చెప్పినాడు. "సాయంత్రం రా, నేను మాట్లాడి పెడతా."

ఫిబ్రవరి 11

నిన్న సాయంత్రం పోతే అంగట్లో దీపం పెట్టేసినారు. దీపం పెట్టినాక వాపసు తీసుకోరంట. లక్ష్మి బయటికి పోతాదంట.

పొద్దున బోణీ. సాయంత్రం దీపం. మధ్యలో నేను బండలు పాలిష్ పట్టాల.

"శుక్రవారం నీకు సెలవే కదప్పా, నిదానంగా రా." శీనే అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి.

ఫిబ్రవరి 12

పెట్టె మీది నంబరుకు ఫోను. తెలుగుకు మూడు నొక్కమంటే నొక్కినా, హిందీలో మాట్లాడినారు. పాట వేసినారు. ఒకమ్మాయి — ఫోటో పంపండి సార్, మీ సమస్య మాకు చాలా ముఖ్యం సార్. పంపినా. అన్నం తిని చూస్తే మెసేజి — మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

బండి వంక చూసినా. బ్రేకు తొక్కి చూసినా కూడా. ఏమో, ఫోన్లోనే బాగు చేసినారేమో అని.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పోయినా. సావుకారి తల కూడా ఎత్తలేదు. "శుక్రవారం పూట ఎవరైనా వాపసు తెస్తారా? మీ ఇండ్లల్లో చెప్పేవాళ్లు లేరా?"

శీను వైపు చూసినా. వాడు డైపర్ల కట్టలు సర్దుతాండాడు, సర్దినవే మళ్లీ సర్దుతాండాడు.

వానికి తెలీదా. మూడేండ్లుగా ఆ అంగట్లోనే పనిచేస్తాండాడు. బోణీ తెలుసు, దీపం తెలుసు, శుక్రవారం తెలుసు. తెలిసే నన్ను తిప్పినాడు.

బండిని మళ్లీ భుజాన వేసుకోని ఇంటికి వచ్చినా.

ఫిబ్రవరి 19, బుధవారం

సగం రోజు లీవు పెట్టి మిట్టమధ్యాహ్నం పోయినా. బోణీ అయింది, దీపానికి టైముంది, శుక్రవారం కాదు. ఇంగ ఏం చెప్తారో చూద్దాం అని.

సావుకారి క్యారియరు మూత పెడతాండాడు. బండి ఆయప్ప ముందర పెట్టి బ్రేకు తొక్కి చూపించినా. నల్లదారం గాజు టేబులు మీద పెట్టినా.

ఆయప్ప కోపం చేసుకోలేదు. అదే నాకు అర్థం కాలేదు.

"ఇది వాపసొచ్చిన పీసే కదప్పా. నంద్యాల పార్టీ ఒకరు నెల వాడి తెచ్చి ఇచ్చినారు. కంపెనీకి పంపుదాంలే అని పక్కన పెట్టినాం. మా శీను చెప్పలేదా? మనోడికే, తెలిసే తీసుకుంటాండాడు అని చెప్పే కదా వాడు బయటికి తీసింది."

శీనును పిలిచినాడు. "ఏమిరా, ఈయప్పకు చెప్పి ఇచ్చినావా, చెప్పకుండా ఇచ్చినావా?"

వాడు నా మొగం చూడలేదు. నా చొక్కా గుండీలు చూసినాడు.

"చెప్పే ఇచ్చినానన్నా. సరేలే అన్నాడు."

ఎంత సులువుగా అన్నాడు. టీ తాగినావా అంటే తాగినా అన్నట్ల.

సావుకారి చేతులు తుడుచుకున్నాడు. "ఇంగేముంది. తెలిసి తీసుకున్న సరుకుకు వాపసు లేదు."

నేను అరిచినా. ఏమరిచినానో రాసేది లేదు, ఈ పేజీకి కూడా అవసరం లేదు. బయటికి తోసినారు — ఆ పొద్దు తలుపు దగ్గర నా చేతులు చూసినాయన. బండిని శీనే మెట్ల దాకా తెచ్చి పెట్టినాడు.

"ఏమిరా అది."

"అప్పా, విను. ఆ పొద్దు కొత్త పీసు ఒకటే ఉండె. ఆ జీపు మేడమ్ కూడా అదే అడిగె. ఆమెకు ఇది ఇచ్చింటే అంగడి ఎత్తేస్తాది, నా ఉద్యోగం పోతాది. నువ్వంటే మనోడివి. ఏమనుకోవులే, ఏదో ఒకటి చేసుకుంటావులే అనుకున్నా."

మనోడు.

తెలియనోళ్లకు మంచిది ఇచ్చి, చెడింది మనోడికి. తెలియనోళ్లయితే అడుగుతారు. మనోడు అడగడు.

కొట్టాలని చెయ్యి లేచింది. ఆ చేతిలో బండి హ్యాండిలు ఉండాది. వదిల్తే రోడ్డు మీదికి పోతాది.

ఫిబ్రవరి 20

సైకిలు షాపు కరీం చూసినాడు. బ్రేకు లోపల చక్రాన్ని పట్టే ప్లాస్టిక్ పండ్లు అరిగిపోయినాయంట. వెల్డింగు పట్టదు, ఇంకోటి దొరకదు. "దీంట్లో మనిషి పట్టుకోనుంటేనే బిడ్డను కూర్చోబెట్టు భాయ్."

ఇంకో బండి కొనేకి దుడ్లు లేవు. అంతే.

ఫిబ్రవరి 22

"బండి ఎట్లుండాది?" ఈశ్వరి.

బాగుండాది అన్నా.

ఫిబ్రవరి 23, ఆదివారం

వచ్చినారు. బస్టాండు నుంచి పాపను నేను ఎత్తుకున్నా. నా చొక్కా జేబు పట్టుకోని వదల్లేదు. పాలవాసన.

హారతి అయినాక ఈశ్వరి ఇంట్లోకి రాకముందే బండి దగ్గరికి పోయింది. నీలం బట్ట నిమిరింది. కుడిచేత్తో ముందుకు తోసి, ఎనక్కి లాగి, కాలితో బ్రేకు తొక్కింది. నాపరాయి నేల సమంగా ఉండాది, బండి నిలబడింది. నా వంక చూసి ఆ నవ్వు... పెండ్లిలో కూడా అట్లా నవ్వలేదు.

"మునిమాపు సందులోకి తీసుకుపోతా. అత్తా, నువ్వు రావద్దు. నేనొక్కదాన్నే."

అమ్మ మూతి తిప్పింది. నేను ఈశ్వరిని మిద్దె మీదికి పిలిచి అంతా చెప్పేసినా. బ్రేకు, దారం, బోణీ, "మనోడు" అని శీను అన్న మాట.

ఏడుస్తాదనుకున్నా. ఏడవలేదు.

"శీనన్ననా?" అన్నది. పెండ్లిలో నాకు బాసికం కట్టినోడు. కాన్పప్పుడు నేను ఆసుపత్రికి పోలేకపోతే ఈశ్వరికి రక్తం ఇచ్చేకి బద్వేలు దాకా పోయినోడు. "శీనన్ననే ఇచ్చినాడా, తెలిసే?"

తెలిసే.

"నిన్న ఫోన్లో బాగుండాది అన్నావే."



సందులోకి పోలేదు. అమ్మ ఎత్తుకోని పోయింది పాపను. ఈశ్వరి వాకిట్లో నిలబడి చూసింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

శీను వచ్చినాడు. పాపను చూసేకంట. చేతిలో ఊలు టోపీ, ఈ ఎండల్లో. గడప దాటలేదు. నేను లేచి లోపలికి పోబోతాంటే ఈశ్వరి చేత్తో ఆపింది.

"రాన్నా. బయటే మాట్లాడుకుందాం."

బండిని సందులోకి తోసింది. పాపను అమ్మ చేత దాంట్లో కూర్చోబెట్టించింది. బెల్టు పెట్టింది, ఒక చేత్తోనే, పంటితో కొస పట్టుకోని. బ్రేకు తొక్కింది. బండి మొగం కాలవ దిక్కుకు.

"పట్టుకోన్నా."

వాడు హ్యాండిలు పట్టుకున్నాడు. పాప వాన్ని చూసి నోరు తెరిచి నవ్వింది. వాడూ నవ్వబోయినాడు.

"బ్రేకు వేసినా కదా. ఇప్పుడు చెయ్యి వదులన్నా."

వాడు వదల్లేదు.

"ఏమాయ? నీ చేత్తో ఇచ్చిన బండే కదా. మనోళ్లకు ఇచ్చినావు కదా. వదులు."

"ఈశ్వరమ్మా..."

"నేను పట్టుకోనుంటే నాకు ఇంకో చెయ్యి లేదన్నా, వాలులో లాగేకి. నీకు తెలుసు ఆ సంగతి. వదులు చూద్దాం."

నేను చక్రాల ముందుకు పోయి కాలు అడ్డం పెట్టినా. నాకే తెలియకుండా. ఓబుళమ్మ అరుగు మీద నిలబడింది, నవ్వలేదు. వాని చేతులు తెల్లగా అయినాయి, అంత గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క వేలు కూడా తియ్యలేదు. ఎంతసేపో. పాప వాని గడియారం కోసం చెయ్యి చాపుతానే ఉండాది.

కడాకు అమ్మ వచ్చి పాపను తీసుకున్నది. అప్పుడు కూడా వాడు హ్యాండిలు వదల్లేదు.

బండిని రెండు చేతులతో మడిచినాడు. భుజాన వేసుకున్నాడు. "నేను తీసుకుపోతా" అన్నాడు. యాడికి అని నేను అడగలేదు. ఎప్పుడు తెస్తావు అని ఈశ్వరీ అడగలేదు. ఊలు టోపీ గడప మీదే ఉండిపోయింది, అమ్మ తీసి లోపల పెట్టింది.

ఫిబ్రవరి 27

శీను ఫోను ఎత్తలేదు. నేను చేసింది కాదు, అమ్మ చేసింది.

అంగడికి పోయి చూసిరా అంటాది అమ్మ. పోను. వాడు సావుకారికి నిజం చెప్పినాడో, కాలవలో పడేసినాడో, మళ్లీ ఎవరో మనోడికి అంటగట్టినాడో. నాకెందుకు.

మార్చి 1, శనివారం

ఈశ్వరి పాపను ఒళ్లో పెట్టుకోని పొద్దున్నుంచి గడప మీద కూర్చుంటాది. లోపల ఉక్క అంటాది. సందు మొగదల దిక్కే చూస్తాంటాది.

నేను డ్యూటీ నుంచి ఆ దోవలోనే వస్తా. నన్ను చూస్తానే ఆమె కండ్లు నా ఎనక్కి పోతాయి, ఎవరైనా వస్తాండారేమో అని.

ఈ పొద్దు నేను కూడా ఎనక్కి తిరిగి చూసినా.