బావ చెవిలో చివరి అధ్యాయం

అక్కా,

పోయేవాడి చెవిలో చదవాల్సిన అధ్యాయాన్ని ఉండేవాడి చెవిలో చదివితే పాపమా, కాదా? ఊరూరా పురాణం చెప్పి దద్దరిల్లజేసే నీ తమ్ముడికే జవాబు దొరకడం లేదు. నువ్వే చెప్పు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయిన నెల బావ బోధన్ దారిలో చెరకు బండి మీంచి పడ్డాడు. తలకు దెబ్బ. నిజామాబాద్ ఆసుపత్రిలో ఆరు రోజులైనా కన్ను తెరవలేదు. నాకు ఆశ పోయింది. కందకుర్తి నుంచి గోదావరి నీళ్లు తెప్పించి, గ్రంథం తెరిచి, ఆయన చెవి దగ్గర చివరి అధ్యాయం ఎత్తుకున్నాను. నా గొంతు నీకు తెలుసు కదా, వార్డంతా లేచి కూర్చుంది.

డాక్టరమ్మ పరుగున వచ్చి స్కాన్ ఫిలిం కిటికీ వెలుగుకు పట్టింది. "చూడండి పెద్దాయనా, ఇక్కడ వాపుంది. కానీ మెదడు అడుగున ప్రాణం నిలిపే చోట దెబ్బ లేదు. ఖాయంగా చెప్పలేను గానీ, లేచే ఆశే ఎక్కువ. మాట ఆలస్యంగా రావచ్చు."

"దేవుడు నొసట రాసింది గీ ఫిలింల కనవడ్తదా అమ్మా?" అని గద్దించాను.

"రాత కనబడదు. దెబ్బ కనబడుతుంది," అంది.

ఆ మాటకు గ్రంథం మూశాను. మర్నాటి నుంచి దేవుడు పుట్టిన అధ్యాయం మొదలుపెట్టాను. మూడు రోజులకు బావ కన్ను తెరిచాడు. నిన్న ముద్దముద్దగా మొదటి మాట అన్నాడు: "ఇగ ఆపురా బామ్మర్దీ, సెవులు పోతున్నయ్."

అక్కా, ఆయన ఇప్పట్లో రాడు. అక్కడ ఆయన కోసం చాప పరిచి ఉంటే, ఇవాళే, ఈ పూటే చుట్టిపెట్టు.