గేటు పక్కన ఖాళీ

అక్కా,

నువ్వు పంపుతానన్న రంగుల క్రోటన్ మొక్కలు వద్దు. కోపం తెచ్చుకోకు.

నీకు రాయడానికి ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు. కంటి డాక్టరు అమ్మను బయట కూర్చోబెట్టి, చదువుకున్నదాన్నని నాతో మాత్రం చెప్పారు, అమ్మ చూపు ఇక నిలవదని. అమ్మకింకా చెప్పలేదు. చూపు ఉన్నన్నాళ్లూ కంటినిండా చూసుకుంటుందని ఇంటి ముందు జాగా బాగుచేయడం మొదలుపెట్టాను. డబ్బు లేదు కదా, పగిలిన బకెట్లే కుండీలు. ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన పూలమొక్కలు రంగుల వరసలో నాటాను.

మర్నాడే అమ్మ అన్నీ తీసి పక్కింటికి ఇచ్చేసింది. "నీ రంగులు నాకెందుకే? వాసనొచ్చేవి తే," అంది. మెట్ల దగ్గర మరువం, కుళాయి దగ్గర పుదీనా తనే పెట్టుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈ ఉదయం తలుపు తీసేసరికి అమ్మ కళ్లు మూసుకుని మెట్లు దిగుతోంది. మరువం ఆకు నలిపి వాసన చూసి, కుళాయి వైపు తిరిగింది. పుదీనా దొరికింది. అక్కణ్నుంచి గేటు కోసం చెయ్యి చాచింది. అందలేదు. నేను పరుగెత్తబోయాను.

"అక్కడే ఉండవే. నన్ను వెతుక్కోనీ," అంది, కళ్లు తెరవకుండానే.

గేటు పక్కన ఇంకా ఏ మొక్కా లేదు. మీ పెరట్లో జాజితీగ ఉంది కదా, వేరు దిగిన కొమ్మొకటి కావాలి. ఎవరి చేతా పంపకు, నువ్వే తీసుకురా. నీ ముఖం అమ్మకు ఇంకా కనిపిస్తుంది.

నీ చెల్లెలు