హీరో పిలిస్తే నాన్న ఊదాడు

ఆదివారం, గోదావరిఖని

కోపంతో ఒళ్లు ఇంకా ఉడుకుతూనే ఉంది! ఊపిరితిత్తుల జబ్బులపై పరిశోధన చేసే సంస్థకు మద్దతుగా ఒక సినిమా హీరో ఈరోజు మా గ్రౌండుకు వచ్చాడు. ఫొటోలకే వచ్చాడని పళ్లు నూరుకున్నాను. అతను ఊపిరి పరీక్ష చేసే గొట్టంలో మొదట తానే ఊది, ముందు వరుసలోని నాన్నను పిలిచాడు. దగ్గు బయటపడితే బొగ్గుబాయి పని పోతుందని ఏళ్లుగా దాచిన మనిషి, పరుగున వెళ్లి ఊదాడు!

"నేను మొత్తుకుంటే ఇనకపోతివి, హీరో పిలిస్తే ఉరికినవా?" అంది అమ్మ.

"గంత మంది ముంగట ఎట్ల కాదంటనే?"

ఊపిరి తక్కువుందని సంస్థవాళ్లు రేపు ఎక్స్‌రేకు రమ్మన్నారు. అది తెలిసి గనివాళ్లు పనికి అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపితే? గని ఆఫీసు గేటు ముందు నేనే ధర్నాకు కూర్చుంటాను.

నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రేపు కూడా హీరో వస్తాడనుకుంటున్నాడు. రాడని ఎక్స్‌రే అయ్యేదాకా చెప్పను.