మీ బేస్ గిటార్ నా దగ్గరుంది

ఏవండీ,

మాత్ర వేసుకుని పడుకున్నారని లేపలేదు. అన్నం, కూర మంచం పక్క స్టూలు మీద పెట్టాను. కట్టు వేసిన కాలు దిండు మీంచి దించకండి. నాలుగింటికి పక్కింటావిడ టీ తెస్తుంది. స్టేజీ మీంచి ఎలా పడ్డారో ఆవిడకి మళ్ళీ నటించి చూపించకండి.

గిటార్ కనబడలేదని కంగారుపడకండి. సాయంత్రం మీ బదులు నేనే వాయిస్తున్నాను. పదిహేడేళ్ళుగా ఊరూరా తిరుగుతూ ఒక్క షో కూడా మానని రెగే రాక్ బ్యాండ్ మీది. ఇవాళ మానేద్దామంటూ మీ తమ్ముడు ఏడుపు ముఖం పెడితే చూడలేకపోయాను. “వదినా, నీకు వాయించడం వచ్చా?” అని నోరెళ్ళబెట్టాడు. మీరు టూర్లకి పోయినప్పుడల్లా మీ పాత గిటార్ దుమ్ము దులిపేదాన్ని కదా, దులపడానికి రోజూ రెండు గంటలు పట్టేది.

వ్యాన్ హారన్ కొడుతున్నారు. ధైర్యానికి మీ చొక్కా వేసుకున్నాను. రేపు పొద్దున్నకల్లా వస్తాను.

తా.క.: మూడో పాటని మీరెప్పుడూ పరిగెత్తిస్తారు. నేను నింపాదిగా వాయిస్తాను. జనం లేచి గంతులేస్తే ఆ సంగతి నేను మీతో అనను. మీ తమ్ముడి నోరు మాత్రం నా చేతిలో లేదు.