నాన్న మోకాళ్ల దాకా రాని బొంత

అన్నయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా కూడా బాగుండాలని పొద్దునా సాయంత్రం ప్రార్థన చేస్తున్నాను. అమ్మకు బీపీ మాత్ర వేళకు ఇస్తున్నారా? వదినకు నడుం నొప్పి తగ్గిందా? తలుపుల పని, పెట్టెల పని ఎలా ఉంది? గురజాలలో అప్పుడే ఎండ చుర్రుమంటోందని వదిన చెప్పింది. ఇక్కడ ఊటీలో మాత్రం మేమింకా స్వెట్టర్ విప్పడం లేదు. పొద్దున కుళాయి తిప్పాలంటేనే ఏడుపొస్తుంది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మనింట్లో ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతారు. నేను నీతో చెప్పాల్సింది అమ్మ వినకూడదు, నాన్న అసలే వినకూడదు. అందుకే ఇంటికి కాకుండా షాపు అడ్రసుకు రాస్తున్నాను. చదివాక జేబులో పెట్టుకో, రంపం పొట్టులో పడేయకు.

మొన్న నువ్వు గట్టిగానే అడిగావు. "పదిహేను రోజులుంటానని పోయిన మనిషి నాలుగో రోజుకే ఎందుకు తిరిగొచ్చాడే? ఏమన్నావు నాన్నని?" అన్నావు. నేనేదో అన్నాననే అమ్మ కూడా అనుకుంటోందట. నేను ఒక్క మాట కూడా అనలేదు అన్నయ్యా. అలాగని నా వల్ల కాదనీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టు.

నాన్న వస్తున్నాడంటే నేనెంత సంబరపడ్డానో నీకు తెలుసు. నేను ఇల్లు విడిచి వచ్చిన దగ్గర్నుంచి ఆయన నాతో ఫోన్లో తిన్నావా, పడుకున్నావా అనడం తప్ప మాట్లాడింది లేదు. గురజాలలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకోక ఊరుగాని ఊరు పోయిందని ఆయన దిగులు. ఒక్కసారి వచ్చి నా పని, నా తిండి, నా తోటివాళ్లను కళ్లారా చూస్తే ఆ దిగులు తీరుతుందని నా ఆశ. దానికి మూడు నాలుగు రోజులు చాలవు. అందుకే పదిహేను రోజులుండమని బతిమాలాను.

ఆడవాళ్ల హాస్టల్లో నేనూ, నాతో పాటు కుట్టే సెల్వీ ఒకే గదిలో ఉంటాం. అక్కడికి మగవాళ్లను రానివ్వరు. మా వర్క్‌షాపు వెనక చెట్ల తోపు ఉంది, మేం కుట్టిన గుడారాలు, హ్యామక్‌లు అక్కడే కట్టి చూస్తాం. నాన్నను అక్కడ పడుకోనిస్తానని ఓనరు అన్నాడు. నాన్న మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే, నేల మీద పడుకుంటే మనిషి ఆసరా లేకుండా లేవలేడు. హ్యామక్ అయితే రెండు చెట్లకు కట్టిన గుడ్డ ఉయ్యాల. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు పైకి లాక్కుంటే చాలు. నాన్న చూడగానే అదే కావాలన్నాడు.

ఉయ్యాల్లో చలి కింద నుంచి వస్తుంది. మనం బొంతను ఒంటి కింద పరుచుకుంటాం కదా, ఇక్కడ అది పనికిరాదు. మనిషి బరువుకు లోపలి పీచు అణిగిపోతే వెచ్చదనం ఉండదు. అందుకే బొంతను ఉయ్యాల గుడ్డకు బయట, కింద వైపున తాళ్లతో వేలాడదీస్తారు. అండర్ క్విల్ట్ అంటారు, నేను కింద బొంత అంటాను. నేను రోజంతా కుట్టేది వాటినే. మెడ నుంచి మడమల దాకా వచ్చేది ఫుల్లు, భుజాల నుంచి మోకాళ్ల కింది దాకా వచ్చేది ముప్పావు. పొట్టిదైతే రాని చోట ఒళ్లు గడ్డకడుతుంది. పోనీ అని మరీ పొడుగు పెడితే అంచులు వదులై లోపలికి గాలి దూరుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో చూసి చెప్పడమే మా పనిలో అసలు పని.

నాన్నకు నేను ముప్పావు ఎంచాను. ఇంట్లో ఆయన ఏనాడైనా కాళ్ల మీద దుప్పటి ఉంచుకున్నాడా? అమ్మ కప్పడం, ఆయన తన్నేయడం. పాదాల కింద ఒక మెత్త వేస్తే సరిపోతుందనుకున్నాను. అది గురజాల ఉక్కకు చేసుకున్న అలవాటని నాకు తట్టలేదు. బొంత ముందే సగం కుట్టి, పొడవు మాత్రం ఆయన వచ్చాక తేల్చుదామని వదిలేశాను. అంచుకు అమ్మ పాత నేత చీర అంచే వేశాను.

కొలత దగ్గరే వచ్చింది చిక్కు. మనిషిని ఉయ్యాల్లో ఏటవాలుగా పడుకోబెట్టి, భుజం దగ్గరొక గీత, కాళ్ల దగ్గరొక గీత పెట్టుకోవడం ఇక్కడి పద్ధతి. నాన్న వచ్చిన పొద్దున సెల్వి సుద్దముక్క నా చేతిలో పెట్టి, పడుకోబెట్టి కొలువు అంది. నావల్ల కాలేదు అన్నయ్యా. ఎవరెవరినో రోజూ అలాగే కొలుస్తాను, నాన్న దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. శవపెట్టె చెయ్యడానికి పోయినవాళ్ల కొలత తీసుకుని నాన్న ఇంటికొస్తే అమ్మ ఆ టేపును గడప దాటనిచ్చేది కాదు కదా. పంచలో మేకుకు తగిలించి, చేతులు కడుక్కునే లోపలికి రావాలి. చిన్నప్పుడు ఒకసారి నువ్వు నన్ను చెక్క మీద పడుకోబెట్టి అదే టేపుతో కొలుస్తుంటే అమ్మ చూసి చీపురు తిరగేసింది, గుర్తుందా? "పడుకోబెట్టి కొలిచేది ఎవురినో తెలవదంట్రా నీకు?" అంది. దెబ్బలు నీకు పడ్డాయి, భయం నాకు మిగిలింది.

అందుకని నాన్నను కటింగ్ బల్ల పక్కన నిలబెట్టి చొక్కాకు కొలిచినట్టు కొలిచాను. ఆయన వడ్రంగి, ఊరుకుంటాడా?

"ఉయ్యాల్లో పడుకునేదానికి నిలబెట్టి కొలుస్తావేందమ్మా?" అన్నాడు.

"ఇక్కడ ఇట్టాగే కొలుస్తారు నాన్నా" అన్నాను.

నా మొహం వంక చూసి, చేతులు చాచి తిన్నగా నిలబడ్డాడు.

ఆ మూడు రోజులూ నాకు పండగే. ఆయన తెచ్చిన పండుమిరప పచ్చడి వర్క్‌షాపులో అందరం తిన్నాం. సెల్వి రెండు ముద్దలు తిని చెంబెడు నీళ్లు తాగింది, మర్నాడు మళ్లీ అడిగింది. నా మిషను బల్ల ఊగుతోందని నాన్న ఒక చీల చెక్కి కొట్టాడు, ఇప్పుడు కదలడం లేదు. నా కుట్టు మీద వేలితో రాసి చూసి, "నా రంపం కోత గూడా ఇంత తిన్నగా రాదమ్మా. చానా బాగుంది" అన్నాడు. ఆ మాట కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశానేమో, పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. చలేసిందా అని రోజూ పొద్దున అడిగాను, బ్రహ్మాండంగా నిద్రపట్టిందని రోజూ చెప్పాడు. నడక మాత్రం రోజురోజుకీ నెమ్మదించింది. బస్సు ప్రయాణం బడలికలే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున, షాపులో నువ్వు ఒక్కడివే అయిపోయావంటూ వెళ్తానన్నాడు. ఉండమని ఎంత అడిగినా వినలేదు. బస్సెక్కి, కిటికీలోంచి చెప్పాడు.

"ఆ బొంత ఎవురికీ ఇయ్యబాకమ్మా. నాదే, ఉండనీ."

నాకెంత గర్వమేసిందో.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి హ్యామక్ విప్పడానికి వెళ్లాను. బొంత కాళ్ల వైపు అంచుకు నాన్న లుంగీ కట్టి ఉంది. నాలుగు మడతలు వేసి, తన చెక్కల మోపుకు వేసే ముడే వేశాడు. విప్పి, సెల్విని ఉయ్యాల్లో పడుకోబెట్టి చూశాను. గుడ్డ వంపులో ఒళ్లు కాళ్ల వైపుకు జారి పరుచుకుంటుంది, నిలబెట్టి తీసిన కొలత అక్కడ చాలదు. ఆమె నాన్నకన్నా పొట్టి, అయినా బొంత ఆమె మోకాళ్ల పైనే ఆగిపోయింది. ఇక నాన్నకు తొడల దాకానే వచ్చి ఉంటుంది. ఏ మోకాళ్ల కోసం ఉయ్యాల కట్టించానో వాటినే చలికి వదిలేశాను. ఆయన లుంగీ కట్టుకుని సర్దుకుందామని చూశాడు. ఇంత పల్చటి లుంగీ ఏం ఆపుతుంది? పొట్టిగా ఉంది అని ఒక్క మాట అంటే పూట పనిలో ఫుల్లు కుట్టి ఇచ్చేదాన్ని. నా కుట్టును తక్కువ చేసినట్టవుతుందని అనలేదు. నేను పడుకోబెట్టి ఎందుకు కొలవలేదో కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. నాన్న పోయినవాళ్లకు చేసే పెట్టె కూడా జానెడు ఎక్కువే కోస్తాడు, మనిషికి ఇరుకుండకూడదంటాడు. చలీ ఎండా తెలియని వాళ్లకు ఆయన అంత చూస్తాడు. బతికున్న నాన్నకు నేను తక్కువ పెట్టాను. ఇంకా పన్నెండు రోజులు నా కళ్ల ముందు తిరగాల్సిన మనిషిని చేతులారా పంపేశాను. నాన్న మోకాళ్లు వాచాయని వదిన చెప్పినప్పుడు నేను ఫోన్ పెట్టేసింది సిగ్నల్ లేక కాదు.

నువ్వేమీ దిగులు పడకు, నేను బాగానే ఉన్నాను. అమ్మకు, వదినకు, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్ను మరచిపోవద్దు. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాస్త కారం పంపండి, ఇక్కడి కారం రంగుకే. లుంగీ ఉతికి దాచాను. పార్సిల్ వెయ్యను, ఆయనే వచ్చి తీసుకోవాలి.

ఒక్క పని చెయ్యి అన్నయ్యా. ఫుల్లు బొంత కుడుతున్నాను, కొలత కావాలి. అమ్మ స్త్రీల కూడికకు వెళ్లిన మధ్యాహ్నం చూసుకో. నాన్న అన్నం తిని నులక మంచంలో ఏటవాలుగా పడుకుంటాడు కదా, అదీ ఉయ్యాలలాగే కుంగుతుంది. మెడ నుంచి మడమల దాకా కొలిచి పంపు. పంచలో మేకుకున్న టేపు వద్దు, కొత్తది కొను. నువ్వు టేపు పట్టుకుని పోయిన మనిషి పక్కన వంగిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏడుపులే విని ఉంటావు. ఈ ఒక్కసారి నాన్న గురక వింటూ కొలువు.

నీ చెల్లెలు,
సునీత