కళ్లజోడు పెట్టెలో మాత్రలు

అక్కా, నాన్నకు గండం గడిచింది, కంగారు పడకు.

రక్తం పలచబడే మాత్ర ఆపితే ముప్పని గుండె డాక్టరు, ఆపకపోతే కడుపులో రక్తం కారుతూనే ఉంటుందని కడుపు డాక్టరు. రెండ్రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి పెద్ద డాక్టరుగారు నాన్న సంచీని బల్లమీద బోర్లించారు. నీ పాత కళ్లజోడు పెట్టెలోంచి మోకాళ్ల నొప్పి మాత్రలు రాలాయి! "ఇవి వాడుతున్నట్టు చెప్పలేదేం?" అంటే, "ఇవి మందులు కావండీ, మా పెద్దమ్మాయి ఇచ్చింది" అన్నారు. కడుపులో పుండు వాటివల్లేనట. అవి మానిపించారు, రక్తం ఆగింది. ఆ రెండ్రోజులూ ఆపి ఉంచిన గుండె మాత్ర మళ్లీ మొదలుపెట్టారు.

నువ్వు ఏడుస్తూ కూర్చోకు. మోకాళ్ల పట్టీ పంపు, మాత్రలొద్దు. నీళ్ల మోటారు బాగైందా? అమ్మకి నెమ్మదిగా చెప్పు. నాన్న నీకు దీవెనలు రాయమన్నారు. ఖాళీ పెట్టెని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

తమ్ముడు